కదలకూడని వైపర్

గెజిట్ ప్రకారం సోమారం జిల్లాకూ గుండ్లకోట జిల్లాకూ మధ్య సరిహద్దు, రేకులపల్లె వాస్తవ్యుడు తాళ్ళపెల్లి ఉప్పలయ్య పాత తెల్ల కారు ముందద్దం మీద నిట్టనిలువుగా ఇరుక్కుపోయిన వైపర్. ఆ వైపర్‌కు ఎడమ పక్కనున్న భూములూ మనుషులూ గొడ్లూ బావులూ సోమారం జిల్లాకు చెందుతాయి. కుడి పక్కనున్నవన్నీ గుండ్లకోట జిల్లావి. మిగతా జిల్లాలకు వాగులూ గుట్టలూ హద్దులుగా ఉన్నప్పుడు ఒక జిల్లాకు వైపర్ ఉంటే తప్పేమిటని అప్పట్లో అందరూ అనుకున్నారు.

ఇది ఎలా జరిగిందో రికార్డుల్లో స్పష్టంగానే ఉంది. కొత్త జిల్లాలు ఏర్పడిన ఏడాది హద్దు గుర్తించడానికి ఒక సర్వేయరు రేకులపల్లెకు వచ్చాడు. ఆ రోజు ముసురు పట్టింది. ఆయన కొత్త బూట్లు వేసుకున్నాడు. కిందికి దిగకుండానే పని కానిచ్చేద్దామని, తను అద్దెకు మాట్లాడుకున్న ఉప్పలయ్య కారులోనే ముందు సీట్లో కూర్చుని ఒళ్ళో పటం పరుచుకున్నాడు. సరిగ్గా అప్పుడే వైపర్ సగం దూరం వచ్చి ఆగిపోయింది. రెండో వైపర్ ఎప్పుడో ఊడిపోయింది కాబట్టి అద్దం మీద ఉన్నది అదొక్కటే. సర్వేయరు ఒక కన్ను మూసి, ఆ కడ్డీని గురి చూసి, పటం మీద గీత గీశాడు. "శాశ్వత గుర్తు" అన్న గడిలో "ఎదుట కనబడు నల్లని నిలువు కడ్డీ" అని రాశాడు. అభ్యంతరాలకు ముప్పై రోజుల గడువిచ్చారు. రెండు అభ్యంతరాలు వచ్చాయి. రెండూ కొత్త కలెక్టరాఫీసుకు ఏ రంగు వేయాలన్న దాని గురించే. గీత ఖరారైంది.

కారు కదిలితే సరిహద్దూ కదులుతుంది. దీన్ని అధికారులు ఇబ్బందిగా తీసుకోలేదు. "సంచార హద్దు రిజిస్టరు" అని ఒకటి తెరిచి, ఉప్పలయ్య బయల్దేరేటప్పుడు ఒకసారి, ఇల్లు చేరాక ఒకసారి ఫోన్ చేసి చెప్పాలని నియమం పెట్టారు. అతను వంగపాడు పట్నానికి పోయేటప్పుడు రోడ్డుకు ఎడమ పక్క ఇళ్ళు సోమారంలో ఉంటాయి. తిరిగొచ్చేటప్పుడు అవే ఇళ్ళు గుండ్లకోటలోకి వస్తాయి. దారిలో ఉన్న పద్నాలుగు గ్రామాల వాళ్ళూ నెల తిరక్కుండానే దీనికి అలవాటు పడ్డారు. కులం సర్టిఫికెట్ ఒక జిల్లాలో తొందరగా ఇస్తారు, పాసుబుక్కు ఇంకో జిల్లాలో తొందరగా ఇస్తారు. "అన్నా, రేపు పదకొండు గంటలకు జర మా ఇంటి ముంగట బండి ఆపు, సంతకమైనంక పోదువు" అని ఉప్పలయ్యను బతిమాలేవారు. అతను ఆపేవాడు. మనవాళ్ళు దేనికైనా అలవాటు పడతారు, అది గెజిట్‌లో వస్తే చాలు.

ఉప్పలయ్య భార్య కొమురమ్మకు కిడ్నీలు రెండూ పాడై రెండేళ్ళయింది. ఆమెకు యాభై ఆరేళ్ళు. ప్రతి మంగళవారం, శుక్రవారం ఇరవై ఆరు కిలోమీటర్ల దూరంలో ఉన్న వంగపాడు ప్రభుత్వాసుపత్రిలో నాలుగు గంటల పాటు మిషన్ ఆమె రక్తాన్ని కడగాలి. పదింటికి ఆమెకు పడక ఇస్తారు. అరగంట దాటితే ఆ పడక వెనక ఉన్నవాళ్ళకు పోతుంది. ఒక్కసారి తప్పితే కాళ్ళు ఉబ్బుతాయి, పడుకుంటే ఊపిరాడదు. వరుసగా రెండుసార్లు తప్పితే ఏమవుతుందో డాక్టరు చెప్పలేదు, వీళ్ళు అడగలేదు. రేకులపల్లెకు బస్సు నడపాల్సింది ఏ డిపోనో తేలక బస్సు ఆగిపోయింది. అంబులెన్సు సంగతీ అంతే. ఆమె బతుకు ఆ పాత కారు మీదే ఆధారపడి ఉంది.

పోయినేడు వానలే లేవు, ఈ ఎండాకాలమంతా కూడా బాగానే గడిచింది. ఆషాఢం చివర్లో ముసురు పట్టింది. మంగళవారం పొద్దున ఉప్పలయ్య లారీ డ్రైవర్లు చేసినట్టు పొగాకు తడిపి అద్దానికి రుద్దాడు. పొగాకు రుద్దితే నీళ్ళు చుక్కలుగా నిలవకుండా పల్చగా జారిపోతాయి, తుంపర్లకైతే సరిపోతుంది. ఆ రోజు పడ్డవి తుంపర్లు కావు. అతను కిటికీలోంచి తల బయటపెట్టి నడిపాడు. ఎదురుగా వచ్చిన ఇసుక ట్రాక్టరు వెంట్రుకవాసిలో తప్పిపోయాక ధైర్యం చాలక మూడు చోట్ల ఆగి వాన తగ్గేదాకా కూర్చున్నారు. ఆసుపత్రికి చేరేసరికి పన్నెండైంది. పడక పోయింది. నర్సు అనసూయ జాలిపడి, సాయంత్రం ఖాళీ అయిన మిషన్ మీద గంటన్నర ఇప్పించింది. బుధవారానికి కొమురమ్మ కాలి మీద వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోయింది. ఆమె పడుకోలేక గోడకు ఆనుకుని కూర్చుంది.

"శుక్కురారం గిట్ల కావొద్దు. ఆ పుల్లను బాగు చేయించుకరా," అంది.

"అది పుల్ల కాదే. జిల్లా," అన్నాడు ఉప్పలయ్య.

"జిల్లా అయితే నాకేంది? వాన తుడిసెటందుకు పెట్టిన్రు దాన్ని. తుడువుమను."

ఆ మధ్యాహ్నం వాన కాస్త తెరిపి ఇవ్వగానే ఉప్పలయ్య కారును వంగపాడు రోడ్డు మీదున్న జానిమియా షెడ్డుకు తీసుకెళ్ళాడు. జానిమియా ముప్పై ఏళ్ళుగా పాత కార్లు బాగుచేస్తున్న మేస్త్రి. అతను బానెట్ ఎత్తి, అద్దం కిందున్న రేకు విప్పి, టార్చి వేసి లోపలికి చూశాడు. స్విచ్ వేయమన్నాడు. లోపల మోటారు గుయ్యిమని తిరిగింది. వైపర్ మాత్రం ఉలకలేదు, పలకలేదు.

"మోటర్ మంచిగనే ఉన్నదన్నా," అన్నాడు జానిమియా. "మోటర్‌కు, పుల్లకు నడుమ లింకు రాడ్డు ఉంటది. దాని బుష్షు అరిగి రాడ్డు జారిపోయింది. మోటర్ ఉత్తగనే తిరుగుతున్నది. ఈ మోడల్ సామాను ఇప్పుడు దొరకది. నైలాన్ ముక్క పట్టుకొచ్చి లేత్ మీద నేనే చేస్త. రెండు గంటల పని."

"చెయ్యి మరి."

జానిమియా వైపర్ మొదట్లో ఉన్న నట్టు మీద టార్చి వేశాడు. నట్టుకు సన్నటి తీగ చుట్టి, తీగ కొసలకు సీసం ముద్ర వేసి ఉంది. దాని పక్కనే చిన్న రేకు పలక మీద "ఇది జిల్లా సరిహద్దు. కదిలించినవారు శిక్షార్హులు" అని రాసి ఉంది.

"చెయ్యనంటలేను. కాయితం పట్టుకరా," అన్నాడు జానిమియా.

ఉప్పలయ్య కారును అక్కడే వదిలి ఎవరిదో మోటారుసైకిలు ఎక్కి ఇంటికి పోయాడు. మరుసటి రోజు సాయంత్రం దాకా రెండు జిల్లాల సరిహద్దు జానిమియా షెడ్డులో పాత టైర్ల మధ్య ఉంది. రిజిస్టరులో అలాగే రాసుకున్నారు.

హద్దు వ్యవహారాలు చూసేది వంగపాడులోని సంయుక్త హద్దు పరిరక్షణ సంఘం. సంఘానికి ఒకటే గది, రెండు బల్లలు, ఇద్దరు సభ్యులు. సోమారం తరఫున విశ్వేశ్వర్, గుండ్లకోట తరఫున హైమావతి. ఇద్దరూ డిప్యూటీ తహసీల్దార్లు. ఇద్దరూ మంచివాళ్ళు. దుర్మార్గులైతే ఈ కథ చెప్పడం నాకు సులువుగా ఉండేది. ఎవరినో ఒకరిని తిట్టుకుని ముగించేవాణ్ణి. ఆ సదుపాయం లేకపోయింది.

గురువారం ఆఫీసు తెరవగానే ఉప్పలయ్య దరఖాస్తు ఇచ్చాడు. విశ్వేశ్వర్ దాన్ని పూర్తిగా చదివాడు.

"వైపర్ నిమిషానికి ఎన్నిసార్లు తిరుగుతుంది?" అని అడిగాడు.

"జోరు వానలనైతే నలభై అయిదు సార్లు సార్."

"అంటే సరిహద్దు నిమిషానికి నలభై అయిదుసార్లు మారుతుంది. కారు కదిలిందంటే పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి రాసుకుంటాం. దీన్ని ఏ గుమస్తా రాస్తాడు చెప్పు?"

హైమావతి పటం తీసి, వైపర్ ఎడమ కొస నుంచి కుడి కొస దాకా స్కేలు తిప్పి చూసింది. ఆ తిప్పులో పద్నాలుగు గ్రామాలు, మూడు చెరువులు, ఒక పోలీస్ స్టేషను, ఒక హైస్కూలు వస్తున్నాయి. వైపర్ ఒక వైపు వాలితే ఇవన్నీ ఒక జిల్లా, ఇంకో వైపు వాలితే ఇంకో జిల్లా. ఆమె స్కేలు కింద పెట్టేసింది.

"మేడమ్, మా ఇంటామెకు రేపు రక్తం కడగాలె," అన్నాడు ఉప్పలయ్య. "వాన పడితే నాకు తొవ్వ కనవడది."

"మాకూ బాధగానే ఉందండీ," అంది హైమావతి. నిజంగానే ఆమెకు బాధగా ఉంది. ఇద్దరూ కలిసి చాలాసేపు దారులు వెతికారు. వాన పడేటప్పుడు బానెట్ మీద కూర్చుని అద్దం తుడవడానికి జిల్లాకొక మనిషిని నియమించవచ్చు, అయితే పోస్టులు మంజూరు కావడానికి వచ్చే బడ్జెట్ దాకా ఆగాలి. అద్దాన్నే తీసేసి వైపర్‌ను గాలిలో ఉంచితే సరిహద్దుకు ఏ ప్రమాదమూ ఉండదు, కానీ లోపలున్న మనుషులు తడుస్తారు. వానాకాలం వెళ్ళేదాకా ఆమె ఆసుపత్రి పక్కనే ఎక్కడైనా ఉండవచ్చు. కాకపోతే చిరునామా మారుతుంది కాబట్టి డయాలిసిస్ జాబితాలో పేరు కొట్టేసి మళ్ళీ మొదటి నుంచి నమోదు చేసుకోవాలి. అదీ కాకపోతే పద్నాలుగు గ్రామాల్లోనూ గ్రామసభలు పెట్టి, తీర్మానాలు తెప్పించి, సరిహద్దును వేరే చోటికి మార్చమని పైకి రాయవచ్చు. ఎనిమిది నెలల్లో అయిపోతుంది.

ఉప్పలయ్య అంతా విన్నాడు. అతను నెమ్మదైన మనిషి. ముప్పై ఏళ్ళుగా డ్రైవరు, ఎవరి మీదా గొంతు పెంచి ఎరగడు. ఆ రోజు పెంచాడు.

"సార్, హద్దును నా బండి మీద నేను పెట్టుమన్ననా? మీరు పెట్టిన్రు. మీ సర్వేయరు బూట్లు తడుస్తయని కిందికి దిగకపోతే నా పెండ్లం సావాల్నా? ఆ మాట కాయితం మీద రాసియ్యున్రి. ఇంటికి పోయి ఆమెకు సదివి వినిపిస్త."

హైమావతి కంప్యూటరు ముందు కూర్చుని స్వయంగా టైపు చేయడం మొదలుపెట్టింది. పన్నెండున్నరకు రెండు సంతకాలతో, రెండు ముద్రలతో ఉత్తర్వు బయటికొచ్చింది. "పై విషయమును సానుభూతితో పరిశీలించి, సదరు వైపరు యంత్రాంగమును మరమ్మతు చేసుకొనుటకు ఇందుమూలముగా అనుమతించడమైనది. మరమ్మతు అనంతరము వైపరు కదలరాదు."

ఉప్పలయ్య రెండుసార్లు చదువుకున్నాడు. "బాగు చేస్కోవచ్చు గని తిరుగొద్దంటున్నరా మేడమ్?"

"పనిచేసే స్థితిలో ఉండొచ్చు. పనిచేయకూడదు. ఇంతకంటే మా చేతుల్లో లేదండీ," అంది హైమావతి.

ఆమె అన్నదాంట్లో వింతేమీ లేదు. వంగపాడులోనే పనిచేసే స్థితిలో ఉండి పనిచేయనివి ఒక మంచినీళ్ళ ప్లాంటు, ఒక గ్రంథాలయం, రెండు వీధి కెమెరాలు, ఏడెనిమిది కమిటీలు ఉన్నాయి. వాటన్నిటి మీదా ప్రారంభోత్సవం చేసినవాళ్ళ పేర్లు చెక్కిన రాళ్ళున్నాయి.

ఆ మధ్యాహ్నమే షెడ్డులో మరమ్మతు జరిగింది. అధికారులిద్దరూ గొడుగులతో నిలబడ్డారు. జానిమియా సీసం ముద్ర కత్తిరించాడు. పని జరిగేటప్పుడు సరిహద్దు అటూ ఇటూ ఒరగకుండా, జిల్లాకొకరు చొప్పున ఇద్దరు గ్రామ సేవకులు వైపర్‌ను రెండు చేతులా నిటారుగా పట్టుకున్నారు. మధ్యలో ఒకతనికి తుమ్ము వచ్చింది. ఒక చెరువుగట్టు రెండు గజాలు గుండ్లకోటలోకి వెళ్ళి వెనక్కి వచ్చింది. జానిమియా ఇవేవీ పట్టించుకోలేదు. నైలాన్ ముక్కను లేత్ మీద నున్నగా తిప్పి, మధ్యలో బెజ్జం వేసి, పాత బుష్షు పక్కన పెట్టి కొలిచి, మళ్ళీ కొంచెం గీకి సరిచేశాడు. రాడ్డు ఎక్కించి, వాషరు వేసి, పిన్ను కొట్టి, గ్రీజు పూశాడు. వైపర్‌కు కొత్త రబ్బరు తొడిగాడు. ఆ రబ్బరు ఉత్తర్వులో లేదు. అతని తృప్తి కోసం వేశాడు.

"ఇగ స్విచ్ వెయ్యన్నా," అన్నాడు.

"వేయకూడదు," అన్నాడు విశ్వేశ్వర్.

"తిప్పి చూడంది నేను బండి ఎట్ల ఒప్పజెప్పాలె సార్?"

"ఉత్తర్వులో స్పష్టంగా ఉంది కదా మేస్త్రీ."

"ముప్పై ఏండ్లల తిప్పి చూడంది ఒక్క బండిని బయటికి పంపలే. తిరిగితెనే నేను చేసినట్టు. తిరగకపోతే నేను చెయ్యనట్టే."

పని పూర్తయిందని సంతకం చేయడానికి జానిమియా ఒప్పుకోలేదు. చాలాసేపు బతిమాలాక ఆ కాగితం మీద తన చేత్తోనే "బుష్షు వేసినాను. తిరిగేది లేనిది చూడనియ్యలేదు. తిరగాలె" అని రాసి ఇచ్చాడు. అధికారులు దాన్ని ఫైల్లో పెట్టుకున్నారు. తర్వాత కారులో వైపర్ స్విచ్ మీద కాగితం పట్టీ అతికించి, దాని మీద ఎర్ర లక్క కరిగించి, రెండు జిల్లాల ముద్రలూ వేశారు. ఉప్పలయ్య కారు ఇంటికి తెచ్చుకున్నాడు.

శుక్రవారం పొద్దున్నుంచీ కుండపోత. ఎనిమిదింబావుకు కొమురమ్మ ముందు సీట్లో కూర్చుంది. ఒక్కో మాటకూ ఒక్కో ఊపిరి తీసుకుంటోంది. కాళ్ళు పట్టక చెప్పులను ఒళ్ళో పెట్టుకుంది. ఉప్పలయ్య నియమం ప్రకారం ఫోన్ చేసి చెప్పి, అద్దానికి పొగాకు రుద్ది, బయల్దేరాడు. నాలుగు కిలోమీటర్లు పోవడానికి ఇరవై అయిదు నిమిషాలు పట్టింది. కల్వర్టు దగ్గర ముందు చక్రం రోడ్డు అంచు దిగబోయింది. అతను ఒక్కసారిగా బ్రేకు తొక్కి, స్టీరింగు మీద తల ఆనించాడు.

"ఏం కనవడ్తలేదే. జర ఆగుదాం," అన్నాడు.

"ఎంతసేపు?"

"తగ్గిందాక."

కొమురమ్మ అద్దం వైపు చూసింది. అద్దం మీద రెండు జిల్లాలూ నీళ్ళలో కలిసిపోయి ఉన్నాయి. ఆమె కొంగుకు కట్టుకున్న ఇంటి తాళంచెవి విప్పి, స్విచ్ మీది లక్కను గీకడం మొదలుపెట్టింది.

"కొమురమ్మా, కేసయితది!"

"కానియ్యి. కేసు నడిసే యాల్లకు నేను బతికుండాలె గద, కోర్టుకు వచ్చెటందుకు."

లక్క పెళ్ళలు పెళ్ళలుగా ఊడింది. కాగితం పట్టీని ఆమె గోటితో లాగేసింది. స్విచ్ వేసింది. లోపల మోటారు మూలిగింది, రాడ్డు లాగింది, వైపర్ ఒక్కసారి వణికి ఎడమకు వాలింది. తర్వాత కుడికి. ఆ తర్వాత అది ఆగలేదు. రోడ్డు కనబడింది. ఉప్పలయ్యకు ఏడుపొచ్చింది. ఏడుస్తూనే గేరు మార్చాడు.

ఎనిమిది నలభై నుంచి తొమ్మిదీ ముప్పై అయిదు దాకా, యాభై అయిదు నిమిషాల్లో, పద్నాలుగు గ్రామాలు రెండు వేల నాలుగు వందల డెబ్భై అయిదుసార్లు జిల్లా మారాయి. ఆ సమయంలో ఒక హైస్కూల్లో హెడ్మాస్టరు హాజరు తీసుకుంటున్నాడు. ఒక ఊళ్ళో బర్రె ఈనింది. దూడ తల సోమారంలో పుట్టింది, తోక వచ్చేసరికి గుండ్లకోట అయింది. ఒక ముసలాయన చనిపోయాడు, ఏ జిల్లాలో పోయాడో ఈనాటికీ తేలలేదు. తర్వాత జరిగిన విచారణలో అధికారులు ఇల్లిల్లూ తిరిగి, ఆ పొద్దున మీకు ఏమైనా తేడా తెలిసిందా అని అడిగారు. ఎవరికీ ఏమీ తెలియలేదు. నల్లా నీళ్ళు సోమారంలో ఉన్న అరక్షణంలోనూ రాలేదు, గుండ్లకోటలో ఉన్న అరక్షణంలోనూ రాలేదు. రోడ్డు మీది గుంతలు రెండు జిల్లాల్లోనూ అంతే లోతుగా ఉన్నాయి. విచారణ నివేదికలో ఈ ఒక్క పేరా మీద "రహస్యం" అని ముద్ర వేశారు. నాకు తెలిసి ఆ నివేదికలో నిజం ఉన్న పేరా కూడా అదొక్కటే.

వైపర్ తిరుగుతోందని దారిలో ఎవరో ఫోన్ చేసినట్టున్నారు, వంగపాడు పొలిమేరలో కారును ఆపడానికి ఒక కానిస్టేబులు నిలబడ్డాడు. అతను గుండ్లకోట పోలీసు. ఆపమని చెయ్యెత్తేసరికి వైపర్ ఇటు వాలి అతని అధికారం పోయింది. చట్టం తెలిసిన మనిషి కాబట్టి చెయ్యి దించాడు. వైపర్ అటు వాలగానే అధికారం తిరిగొచ్చి మళ్ళీ ఎత్తాడు, మళ్ళీ దించాడు. చూసినవాళ్ళు అతను ఎవరినో సాగనంపుతున్నాడనుకున్నారు. ఉప్పలయ్య మర్యాదకు హారన్ కొట్టి ముందుకు పోయాడు.

ఆసుపత్రి గేటు ముందు కారు ఆగింది. కొమురమ్మ దిగుతూ, "బండి బందు వెట్టకు. తిరగనియ్యి," అంది. గోడ పట్టుకుని, నాలుగడుగులకోసారి ఆగుతూ లోపలికి పోయింది. అయిదు నిమిషాల్లో జీపు వచ్చింది. విశ్వేశ్వర్, హైమావతి గొడుగులతో దిగి కారు పక్కన నిలబడ్డారు. వైపర్ తిరుగుతున్నంతసేపూ వాళ్ళిద్దరిలో ఎవరికీ కారు తలుపు ముట్టుకునే అధికారం అరక్షణం కంటే ఎక్కువ ఉండదు. తలుపు తెరవడానికి అది చాలదు.

"ఉప్పలయ్యా, వైపర్ నిలువుగా ఉన్నప్పుడు ఆపేసెయ్," అన్నాడు విశ్వేశ్వర్ కిటికీలోకి వంగి. "సీలు పగలగొట్టిన సంగతి నేను రాయను. మళ్ళీ ఒక సీలు వేసుకుని పోతాం."

"మంగళారం సంగతేంది సార్?"

"మంగళవారానికి మళ్ళీ దరఖాస్తు పెట్టుకో."

"పెట్టుకోను," అన్నాడు ఉప్పలయ్య.

హైమావతి వానలో నిలబడి అద్దం ఎంత శుభ్రంగా ఉందో చూస్తూ ఉండిపోయింది.

లోపల ఇంకో చిక్కు వచ్చిపడింది. ఆ ఆసుపత్రిలో ఆరు పడకలు. జిల్లాకు మూడు. కంప్యూటర్లో రోగి జిల్లా నింపకపోతే పడక తెరుచుకోదు. నర్సు అనసూయ "సోమారం" అని కొట్టింది. మీట నొక్కేలోపు బయట వైపర్ వాలింది, కొమురమ్మ ఇల్లు గుండ్లకోటలోకి పోయింది. "జిల్లా సరిపోలుట లేదు" అని తెర మీద ఎర్రగా వచ్చింది. "గుండ్లకోట" అని కొట్టింది. మళ్ళీ అదే వచ్చింది. గోడ మీద గడియారంలో పదింబావు అయింది. వరండాలో తర్వాతి రోగి, ఆయన కొడుకు బల్ల మీద కూర్చుని ఎదురుచూస్తున్నారు.

"అమ్మా, ఒక్క నిమిషం బండి ఆపుమనరాదు? ఎంట్రీ కొట్టుకుంట, అంతనే," అంది అనసూయ.

"ఆపితే సీలేస్తరు బిడ్డా. సీలేస్తే మంగళారం నేను రాలేను. మంగళారం రాకపోతే ఇగ ఎన్నడు రాను." కొమురమ్మ పడక అంచు మీద కూర్చుని ఊపిరి కూడదీసుకుంది. "నువ్వు రాసే లోపట జిల్లా మారుతనే ఉంటది. నువ్వు సూది పెట్టు."

అనసూయ ఆమె కాళ్ళు చూసింది. చేతిలో పట్టుకున్న చెప్పులు చూసింది. పదకొండేళ్ళ ఉద్యోగంలో ఆమె ఏ గడినీ ఖాళీగా వదిలిన మనిషి కాదు. కంప్యూటర్ తెర మీద ఒక ఆకుపచ్చ దుప్పటి కప్పి, చేతులు కడుక్కుని, రెండు సూదులూ పెట్టి మిషన్ వేసింది. మిషన్ జిల్లా అడగలేదు. నాలుగు గంటలు తిరిగింది. బయట వైపర్ కూడా నాలుగు గంటలు తిరిగింది. ఒంటిగంటకు అధికారులు భోజనానికి వెళ్ళారు. సీలు పగలగొట్టిన నేరం ఏ జిల్లాలో జరిగిందో రుజువు కాక ఏ స్టేషనులోనూ కేసు నమోదు కాలేదు. కేసు లేకపోయేసరికి రెండో సీలు కూడా పడలేదు.

లెక్క ప్రకారం ఆ శుక్రవారం కొమురమ్మకు వైద్యం జరగలేదు. ఆమె పేరు ఎదురుగా కంప్యూటర్ తనంతట తనే "గైర్హాజరు" అని వేసుకుంది. మంగళవారం వాన పడింది, ఆమె వచ్చింది, వైద్యం చేయించుకుంది, గైర్హాజరైంది. తర్వాతి శుక్రవారమూ అంతే. ఆ రోజుల్లోనే ఇంకో ఏడుగురు రోగులు కూడా తమ జిల్లా గడి ఖాళీగానే ఉంచమన్నారు. వాళ్ళ ఊళ్ళు వైపర్ దారిలో కూడా లేవు. అనసూయ ఎందుకని అడగలేదు. దుప్పటి తీయలేదు.

వరుసగా మూడుసార్లు గైర్హాజరైన డయాలిసిస్ రోగి మరణించినట్టు పరిగణించాలని నియమం ఉంది. నియమం సబబైనదే. ఎనిమిది మందికీ ధ్రువపత్రాలు వచ్చాయి. ఒకే ఆసుపత్రిలో ఇన్ని మరణాలేమిటని పైనుంచి విచారణకు ఆదేశం కూడా వచ్చింది. ఆదేశం వచ్చాక మొదటి మంగళవారం తొమ్మిదిన్నరకు కొమురమ్మ గోడ పట్టుకోకుండా నడిచొచ్చి, చెప్పులు గుమ్మం దగ్గర విడిచి, పడక ఎక్కింది. అనసూయ సూదులు సిద్ధం చేసింది. ఆఖరికి ఉండబట్టలేక చెప్పేసింది.

"అమ్మా, నువ్వు సచ్చిపోయినట్టు కాయితం వచ్చింది."

"ఏ జిల్లల?" అని అడిగింది కొమురమ్మ, చెయ్యి చాపుతూ.